వేపాకులు కుట్టేసే ఈ చిన్న రెక్కలపురుగు పేరేంది?

దుర్గం_కింద:
మాది ఉదయగిరి పక్కన, అడివి మొదలయ్యే కాడ చేను. గట్టు మీద వేపచెట్టు చిగురు వేసుండాది, ఆ చిగురాకులు రెండు మూడు కలిపి సన్న దారంతో కుట్టేసినట్టుండాయి, విప్పితే లోపల చిన్న పురుగు, ముట్టుకుంటే ఎనక్కి జరిగి దారం పట్టుకోని వేలాడతా ఉండాది. రెండు రెబ్బలు ఊరగాయ సీసాలో ఏసి మూతికి పాత చీరగుడ్డ కట్టా, పది రోజులకి చిటికెనవేలి గోరంత కూడా లేని రెక్కలపురుగు బయటికొచ్చింది. నారింజ రంగు, పసుపు మచ్చలు, మధ్యలో సీసం రంగు గీతలు మెరస్తా ఉండాయి. అంత చేదు ఆకు తినే పురుగు కూడా ఉంటదా? మా నాయనేమో 2021లో వేపచెట్లు ఎండిపోయిన రోగం ఇదే, కొట్టేద్దాం అంటాడు.

పెన్నాగట్టు:
ఆకుముడత బయా, మా వరిలో ఏటా ఉండేదే. మందు కొట్టెయ్.

రాత్రిలైటు:
మందొద్దు. వరి ఆకుముడత వేరే కుటుంబం, క్రాంబిడే, వాలితే రెక్కలు పరిచి త్రికోణంలా ఉంటది, వేప జోలికి రాదు. నీదాన్ని పైనుంచి చూడు, రెక్కలు మడిచి కూర్చున్నప్పుడు గంట ఆకారం కనిపిస్తే అది టార్ట్రిసిడే అనే కుటుంబం. ఈ కుటుంబంలో చానావాటిని ఫోటో చూసి చెప్పలేం, పొట్ట చివర కోసి మైక్రోస్కోపులో చూడాల్సిందే. కానీ ఈ రంగులు, పైగా వేప మీద దొరికిందంటే నా లెక్కలో లోబోస్కైజా కోనిగియానా. 1775లోనే ఫాబ్రిషియస్ అనే డెన్మార్క్ పురుగుల శాస్త్రవేత్త పేరు పెట్టిన పురుగు, తురకవేప మీద కూడా ఉంటది. ఏ చెట్టు మీద దొరికిందో రాయకుండా ఫోటో ఒక్కటే పెట్టేవాళ్ళకి ఏం చెప్పాలో నాకర్థం కాదు, నువ్వు రాశావు కాబట్టి సరిపోయింది.
2021ది ఫోమాప్సిస్ అనే బూజు తెగులు, అందులో కొమ్మ చివర్ల నుంచి ఎండుకుంటా వస్తది, ఆకులు కుట్టడాలు ఉండవు.

చీకటిమల్లి:
ఇంకో గుర్తు, లెన్సు ఉంటే మూతి గొట్టం మొదట్లో చూడండి. పొలుసులుంటే క్రాంబిడ్, నున్నగా ఉంటే టార్ట్రిసిడ్. పురుగుని రొంతసేపు ఫ్రిజ్‌లో పెడితే కదలదు.

దుర్గం_కింద:
గంటేనన్నా! లెన్సులో చూస్తే గొట్టం మొదలు నున్నగానే ఉండాది. నాయనకి కూడా చూపించా, చూసి బాగుందన్నాడు, అయినా కొమ్మలు కొట్టాల్సిందేనంట, నీడ మిరపనారు మీద పడతా ఉందంట.