సుగ్గి (కోతల కూలికి వలస) నుంచి తిరిగొచ్చిన పిల్లలకు ఎస్‌ఏ-2 (ఏడాది చివరి పరీక్ష) మార్కులు ఎట్ల వేస్తున్నారు?

కోసిగి మండలం ఎస్‌జీటీ:
నేను ప్రాథమిక బడి టీచర్‌ను (ఎస్‌జీటీ). మాది కర్నూలు జిల్లా పడమటి వైపు. దీపావళి దాటినాక ఇంటికి తాళాలు పడతాయి. పిల్లోళ్లను వెంటబెట్టుకొని గుంటూరు వైపు మిరపకోతలకు సుగ్గికి పోతారు. కొందరు వలస పిల్లల కోసం పెట్టే సీజనల్ హాస్టల్లో ఆగుతారు, కొందరు అవ్వల దగ్గర. మిగతావాళ్ల మొహం మళ్లీ ఉగాదికే. ఏప్రిల్లో ఎస్‌ఏ-2 పెట్టేస్తాం.

నా ఐదో తరగతి పాప ఒకతి మొన్ననే తిరిగొచ్చింది. కిలోకు ఇంత అంటే అమ్మానాయనలకు ఎంత కూలి రావాలో, మేస్త్రీ దగ్గర తీసుకున్న అడ్వాన్సు పోను ఎంత మిగిలిందో నోటిలెక్కతో చెప్పేస్తుంది. అదే గుణకారం, అదే తీసివేత మోడల్ పేపర్లో ఇస్తే ఖాళీగా వదిలేసింది. ప్రశ్న చదవలేకపోతాంది. ఒత్తులు మరిచిపోయింది. ‘వర్షం’ అని ఉంటే ‘వరషం’ అని చదివి ఆగిపోయింది. సుగ్గికి పోకముందు కథల పుస్తకం గడగడా చదివిన పాప ఈమె!

ఈ పాపకు లెక్కల్లో ‘డి’ వస్తుంది. అది చూసి రేపు హైస్కూలు సార్లు లెక్కలు రావనుకుంటారు. సమీక్షల్లో ‘డి’లు ఎక్కువున్న బడి పేరు చదువుతారే గానీ పిల్లలు ఏ నెల నుంచి ఏ నెల వరకు ఊర్లో లేరో అడిగేవాళ్లు లేరు. మీ మండలాల్లో ఏం చేస్తున్నారు?

ఆదోని, రిటైర్డ్ హెచ్‌ఎం:
అమ్మా, ఆన్‌లైన్ గ్రేడు ఎట్లా తప్పదు, వేసేయండి. పరీక్షకు ముందే ఒక్కొక్కరిని పక్కన కూర్చోబెట్టుకొని రెండో తరగతి వాచకం చదివించండి. గుణింతం దగ్గర ఆగారా, ఒత్తు దగ్గరా, వాక్యం దగ్గరా రాసిపెట్టుకోండి. ఎస్‌ఏ-2 అయినాక లెక్కల పేపరు మీరే చదివి వినిపించి ఇంకోసారి చేయించండి. ఆ కాగితం తేదీ వేసి టీసీతో పాటు హైస్కూలుకు పంపండి. 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ చెప్పేది నిరంతర సమగ్ర మూల్యాంకనమే, అంటే ఒక్క పరీక్షతో కాక ఏడాది పొడుగునా పిల్లల చదువును గమనించడం. ఎవరైనా అడిగితే ఆ సెక్షన్ చూపించండి.

అనంతపురం, స్కూల్ అసిస్టెంట్:
నా బాధ వేరే. 2022లో జీవో 117 అని 3, 4, 5 తరగతులను హైస్కూళ్లలో కలిపారు, 2025లో దాన్ని రద్దు చేశారు. టోఫెల్ ఇంగ్లీషు పరీక్ష 2023లో తెచ్చారు, 2024లో తీసేశారు. ప్రతిసారీ కొత్త శిక్షణ, కొత్త ఫారాలు. ఒత్తులు నేర్పాల్సిన పీరియడ్లు వాటికే పోతున్నాయి. ఇంకోటి, పిల్లల చదువు స్థాయి చూసే దేశవ్యాప్త పరఖ్ సర్వే జరిగింది 2024 డిసెంబరు 4న. ఆ రోజు బడిలో ఉన్నవాళ్లే రాశారు. సుగ్గికి పోయిన పిల్లలు ఆ లెక్కల్లోకే రాలేదు.

ప్రొద్దుటూరు నుంచి టెక్సస్:
ఇక్కడ 2002 నాటి నో చైల్డ్ లెఫ్ట్ బిహైండ్ చట్టంతో 3 నుంచి 8 తరగతుల వరకు ఏటా చదవడంలో, లెక్కల్లో పరీక్ష తప్పనిసరి చేశారు. 2014 కల్లా అందరూ గట్టెక్కాలన్నారు, అది జరగలేదు. అట్లాంటాలో టీచర్లే జవాబులు చెరిపి దిద్దారు. 2015లో 11 మందిని కోర్టు దోషులుగా తేల్చింది. మార్కులను బట్టి బడికి శిక్ష వేస్తే ఇంతదాకా వస్తుంది. అయితే ఆ చట్టంలో ఒక మంచి ఉంది. వలస కూలీల పిల్లల ఫలితాలు విడిగా చూపాలన్నారు. పంటల వెంట తిరిగే పిల్లల కోసం 1966 నుంచే వేరే పథకం ఉంది. వాళ్ల చదువు రికార్డు ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి పోతుంది. మీ మండలంలో సుగ్గి పిల్లలకు విడిగా ఒక కాలమ్ అడగండి మేడం.

కోసిగి మండలం ఎస్‌జీటీ:
సార్ చెప్పినట్టే నిన్న మోడల్ పేపరు చదివి వినిపించినా. రాత లెక్కలన్నీ చేసింది, భాగహారం ఒక్కటి తప్ప. అది నవంబరులో చెప్పిన పాఠం, అప్పటికే పాప ఊర్లో లేదు. చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే కాంప్లెక్స్ మీటింగులో ఈసారి విడి కాలమ్ అడుగుతాను. గుంటూరు, పల్నాడు వైపు టీచర్లు ఎవరైనా ఇది చదువుతుంటే చెప్పండి: కోతల కాలంలో మా పిల్లలు మీ ఊరి బడికి వస్తున్నారా? ఏ పాఠం దాకా అయిందో ఒక కాగితం రాసి చేతికిస్తే కూర్చోబెట్టుకుంటారా?