సంక్రాంతికి పది మంది వస్తున్నారు, చేసేది ఇద్దరం: ఏది ముందు, ఏది తర్వాత?

కోనసీమ_మాస్టారు:

నమస్కారమండీ. అమలాపురం దగ్గర పల్లెలో ఉంటాం. నాకు 69, మా ఆవిడకి 64. ఆవిడకి మోకాళ్ల నొప్పి, నాకు షుగరు (గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్). 14 భోగి, 15 పెద్ద పండగ, 16 కనుమ. హైదరాబాదు నుంచి పెద్దాడు, కోడలు, పిల్లలిద్దరు; బెంగళూరు నుంచి అమ్మాయి, అల్లుడు, రెండేళ్ల మనవరాలు, వియ్యపురాలు; చెన్నై నుంచి చిన్నాడూ భార్యా. మాతో కలిపి 12. బాత్‌రూములు రెండు, 15 లీటర్ల గీజరు ఒకటి, వెయ్యి లీటర్ల ట్యాంకు. అరిసెలు ఇంట్లోనే వండాలని ఆవిడ పట్టుదల. టిక్కెట్లు, వంట, నీళ్లు ఎలా సర్దుకోవాలో తెలిసినవాళ్లు చెప్పండి.

రైలు_రిజర్వేషన్:

మాస్టారూ, ముందు టిక్కెట్ల సంగతి తేల్చండి. రిజర్వేషన్ ఇప్పుడు 120 రోజులు కాదు, 60 రోజుల ముందే తెరుస్తున్నారు (2024 నవంబరు నుంచి). జనవరి 12 రాత్రి బండికి నవంబరు 13 ఉదయం 8 గంటలకు మొదలవుతుంది. మీకు రాజమండ్రిలో దిగి రెండు గంటల రోడ్డు ప్రయాణం ఉంటుంది కాబట్టి తెల్లవారుజామున దిగే బండి కంటే ఏడెనిమిదికి దిగేది నయం.

వియ్యపురాలి గారికి కింది బెర్తు కావాలంటే ఆవిడ టిక్కెట్టు విడిగా తీయాలి. సీనియర్ల కోటా 60 దాటిన మగవారికి, 45 దాటిన ఆడవారికి. అదీ ఒంటరిగానో, అలాంటివారు ఇద్దరో ఒక టిక్కెట్టు మీద ఉంటేనే. కుటుంబమంతా కలిపి ఒకే టిక్కెట్టు తీస్తే ఆ కోటా వర్తించదు. చిక్కేమిటంటే విడిగా తీస్తే వేరే బోగీ పడొచ్చు. రెండేళ్ల పాప ఉంది కాబట్టి అమ్మాయిని అడిగి నిర్ణయించండి.

తిరుగు ప్రయాణం మరీ కష్టం. కనుమనాడు కాకైనా కదలదంటారు, అందుకే 17న ఊళ్లకు ఊళ్లే కదులుతాయి. ఇద్దరు ముగ్గురు సెలవు పొడిగించి 18కి తీస్తే సీటు దొరికే అవకాశం ఎక్కువ. వెయిటింగ్ లిస్టు పెట్టుకుని తత్కాల్ మీద ఆశ పెంచుకోవద్దు. ఏసీ తత్కాల్ ముందురోజు 10కి, స్లీపర్ 11కి తెరుస్తారు. పండగ రోజుల్లో నిమిషాల్లో అయిపోతుంది.

చలిమిడి_చేయి:

అరిసెలు ఇంట్లో వండండి, కానీ పిల్లలు వచ్చాక కాదు. 9, 10 తేదీల్లో ముగించాలి. సరిగా చేసినవి పదిహేను రోజులు ఉంటాయి.

లెక్క: బియ్యం కిలో, బెల్లం ముప్పావు కిలో, నువ్వులు 50 గ్రాములు, యాలకుల పొడి, రెండు గరిటెల నెయ్యి. సుమారు నలభై అరిసెలు వస్తాయి. మీకు రెండు కిలోలు చాలు. మనిషికి ఐదారు, మిగతావి వెళ్లేటప్పుడు డబ్బాల్లో పెట్టడానికి. బియ్యం 24 గంటలు నానాలి, రెండుసార్లు నీళ్లు మార్చాలి, లేకపోతే వాసన వస్తుంది. వడగట్టి, తడి ఆరకముందే మరకి పంపండి. అన్ని మరలూ తడిబియ్యం ఆడవు, ముందే కనుక్కోండి. పిండి జల్లించి గిన్నెలో అదిమి, తడిగుడ్డ కప్పాలి. ఆరిన పిండితో అరిసె పగులుతుంది.

అసలు విద్య పాకంలో ఉంది. చుక్క నీళ్లలో వేస్తే విడిపోకుండా వేళ్లతో మెత్తని ఉండ చేయగలగాలి, అప్పుడే దింపండి. లేతగా దింపితే నూనెలో విచ్చిపోతుంది. ముదిరితే మర్నాటికి రాయి, మామగారి పళ్లకు పరీక్ష. పిండి ఒకేసారి పోయకండి. రెండు గుప్పెళ్లు పక్కన ఉంచితే చలిమిడి జారినప్పుడు కలుపుకోవచ్చు. గట్టిపడితే గోరువెచ్చని పాలు కొద్దిగా చల్లి మర్దించాలి. మంట మధ్యస్థంగా ఉండాలి. నూనె కాగిపోతే పైన ఎర్రబడి లోపల పచ్చిగా ఉంటుంది. వేగాక అరిసెల చెక్కల మధ్య నొక్కి నూనె తీసి, పూర్తిగా చల్లారాకే డబ్బాలో పెట్టాలి. వేడివి పేరిస్తే ఆవిరి పట్టి బూజొస్తుంది.

పాకం దగ్గర గరిటె తిప్పడమే మోకాళ్ల మీద భారం. ఎత్తు బల్ల మీద పొయ్యి పెట్టండి, లేదా పిండివంటల మనిషిని రెండు రోజులకు మాట్లాడుకోండి. ఆవిడ కూర్చుని పాకం చూస్తే చాలు. పూతరేకులు మాత్రం ఆత్రేయపురం నుంచి తెప్పించుకోండి, అవి ఇంట్లో అయ్యేవి కావు.

నీళ్ల_లెక్క:

నేను చెప్పేది తినేది కాదు, పోసుకునేది. 15 లీటర్ల గీజరు 60 డిగ్రీలకు కాగితే చన్నీళ్లు కలిపి 30 లీటర్ల పైచిలుకు వస్తాయి, అంటే తలంటుకి ఒక మనిషికి సరి. 2000 వాట్లదైతే మళ్లీ కాగడానికి 20 నిమిషాలు. పన్నెండు మందికి నాలుగు గంటలు! భోగినాడు అందరూ తెల్లవారకముందే పోసుకోవాలంటే కుదరదు. పెరట్లో పొయ్యి మీద పెద్ద కాగు పెట్టండి, లేదా భోగిమంట సన్నగిల్లాక నిప్పుల మీదే నీళ్లు కాచండి, అది పాత పద్ధతే. మంటలో పిడకలు, పాత కర్రలు మాత్రమే వేయాలి. ప్లాస్టిక్ కుర్చీ ముక్క వేస్తే ఆ నీళ్లూ ఆ పొగా ఎవరికీ మంచివి కావు.

తలకు రోజుకు 135 లీటర్లు చొప్పున వేస్తే మొత్తం 1,620. మీ ట్యాంకు రోజుకు రెండుసార్లు నిండాలి. రాత్రి పడుకునే ముందు నింపడం అలవాటు చేసుకోండి. గ్యాసు రెండో సిలిండరు నిండుగా ఉండాలి.

మందుల_డబ్బా:

మాస్టారూ, పైవాళ్లు చెప్పనిది ఒకటి. పండగనాడు తర్పణం ముగిసేదాకా తినకూడదని కూర్చుంటారు, పొద్దున గ్లిమిపిరైడ్ మాత్రం అలవాటుగా వేసేసుకుంటారు. ఆ మాత్ర వేసుకుని ఒంటిగంట దాకా తినకపోతే షుగరు పడిపోతుంది: చెమట, వణుకు, కళ్లు తిరగడం. ఆ రోజు మోతాదు, వేళ మీ డాక్టరు గారిని ముందే అడిగి రాయించుకోండి. అలా అనిపిస్తే మూడు చెంచాల పంచదార నీళ్లలో వేసుకుని తాగి, 15 నిమిషాలాగి మళ్లీ చూసుకోవాలి. బెల్లం కాబట్టి అరిసె ఫరవాలేదనేది పొరపాటు. షుగరు విషయంలో బెల్లానికీ పంచదారకీ పెద్ద తేడా లేదు.

పాపకు భోగిపళ్లు పోసేటప్పుడు రేగుపళ్లు, నానిన శనగలు, చిల్లర గొంతులో ఇరుక్కునేవే. తల్లి ఒళ్లో కూర్చోబెట్టి నెమ్మదిగా పోసి, రాలినవి పాప చేతికి అందకముందే దుప్పటితో సహా ఎత్తేయండి.

కోనసీమ_మాస్టారు:

చాలా ఉపయోగమండీ. కనుమ నాటి గారెలకు మినపప్పు ఎంత వేయాలి?

చలిమిడి_చేయి:

మనిషికి నాలుగు చొప్పున కిలో పప్పు. మాదిరి సైజువి 50 పైనే వస్తాయి. నాలుగు గంటలు నానితే చాలు; నీళ్లు ఎక్కువ పోసి రుబ్బితే నూనె పీల్చేస్తాయి. ఉప్పు గారెలు వేయించబోయే ముందు కలపండి, చాలా ముందుగా వేస్తే పిండి జారిపోతుంది.