ఈ వారం సమస్య: ‘గొలుసు లేని కుక్క గురువు నాకు’

జయనగరం మాస్టారు: ఆదివారం బెంగళూరు లాల్‌బాగ్ తోట గేటు దగ్గర ఒక జంటను వాళ్ళ లాబ్రడార్‌తో సహా వెనక్కి పంపేశారు, పెంపుడు కుక్కలకు ప్రవేశం లేదని. లోపలికెళ్ళి చూస్తే కెంపేగౌడ గోపురం కింద, దాదాపు 300 కోట్ల ఏళ్ళ నాటిదంటారే ఆ బండ మీద, ఒక వీధికుక్క కాళ్ళు చాపుకుని పడుకుని ఉంది. సమస్య అక్కడే తట్టింది. ఆటవెలది పద్యంలో నాలుగో పాదం ఇచ్చేశాను, ముందు మూడు పాదాలు మీరు పూరించాలి. ధర్మరాజు కుక్కను పద్యంలోకి ఒక్కరే తేవాలి, ముందొచ్చిన వారిదే!

బసవనగుడి అక్కయ్య:
టికెటు కొన్న నేను తికమక పడుచుంటి
బండ మీద నదియె పవ్వళించె
హద్దు లేదు దాని హాయి కెచ్చోటను
గొలుసు లేని కుక్క గురువు నాకు

మాస్టారు: మూడో పాదం హాయిగా ఉందమ్మా. మొదటి పాదంలో మాత్రం యతి తప్పింది, అంటే పాదం మొదటి అక్షరానికి మధ్యలో జోడీ కుదరలేదు; ‘టి’కి ‘తి’ చెల్లదు, ట, త వర్గాలు వేరు. ‘టికెటు కొన్న నేను డీలపడితి నయ్యొ’ అంటే సరిపోతుంది. అన్నట్టు భాగవతం ఏకాదశ స్కంధంలో అవధూత చెప్పిన 24 మంది గురువుల్లో కొండచిలువ ఉంది, సాలెపురుగు ఉంది, కుక్క లేదు. 25వది మీరు చేర్చారు.

మల్లేశ్వరం బాబాయి: ధర్మరాజు నావాడే.
మంచు కొండ మీద మమతతో నడిచెను
తమ్ములెల్ల పడగ తానె మిగిలె
దేవరాజు తోడ ధీరుడై పలికెను
‘గొలుసు లేని కుక్క గురువు నాకు’

అక్కయ్య: బాబాయిగారూ, ద్రౌపది ఏమైంది? అందరికంటే ముందు పడిపోయింది ఆవిడే కదా, పద్యంలో కూడా వదిలేశారా?

బాబాయి: నిజమే తల్లీ, తప్పు నాదే. ‘సతియు తమ్ములొరగ సాగె నదియె’.

మాస్టారు: ఈ పాదం ముందుదానికంటే బాగుంది. ఒక్క సందేహం, ఆ కుక్క చివరికి ధర్మదేవత అని తేలుతుంది, అంటే ధర్మరాజుకు తండ్రి. తండ్రిని పట్టుకుని గురువంటే తగ్గించినట్టవదా? సరే, ఇంద్రుడితో వాదిస్తున్నప్పటికి ఆయనకా సంగతి తెలియదు కాబట్టి వదిలేద్దాం.

వైట్‌ఫీల్డ్ తమ్ముడు: మొన్న మా బ్రూనోతో కనకపుర రోడ్డు పక్క తురహళ్ళి అడవిలోని కొండెక్కాం, జరిగింది జరిగినట్టు రాశాను.
కొక్కెమూడదీయ కొండపై పరుగెత్తె
నెమలి గాంచినంత నిలిచి పోయె
పిలువ మరలి వచ్చె పిల్లలో వినరయా
గొలుసు లేని కుక్క గురువు నాకు

అక్కయ్య: మూడో పాదం మా ఇంటిదే!

మాస్టారు: గణాలు, యతులు శుభ్రంగా ఉన్నాయి, నా ఓటు దీనికే. కానీ తమ్ముడూ, నెమళ్ళు తిరిగే అడవిలో కుక్కను వదిలేయడమేంటి? అది ఆగబట్టి సరిపోయింది, ఆగకపోతే? రెండో పాదం చదువుతుంటేనే టెన్షన్ వచ్చింది నాకు. పైగా ఎదురొచ్చేవాళ్ళందరికీ కుక్కంటే ఇష్టం ఉండదు, మా ఆవిడ అయితే అక్కడే కూలబడిపోయేది.

తమ్ముడు: ఒప్పుకుంటున్నా మాస్టారూ, వచ్చేవారం నుంచి గొలుసుతోనే తీసుకెళ్తా. పద్యం మాత్రం మార్చను.