గ్నోమ్‌లో ఎక్స్11 ఎత్తేయడం న్యాయమేనా?

టెర్మినల్‌తాత: లినక్స్‌లో ఒక రకమైన ఉబుంటు 25.10లో గ్నోమ్ డెస్క్‌టాప్‌కి ఎక్స్11 సెషన్ తీసేశారు. తెర మీద విండోలు చూపించే పాత వ్యవస్థ అది. ఇక దాని బదులు వచ్చిన వేలాండ్ ఒక్కటే గతి. 1987 నుంచి నడుస్తున్నదాన్ని పీకేయాల్సిన అవసరం ఏమొచ్చింది?

కిటికీరాణి: నడుస్తోంది, కానీ ఎలా? విండోలో గీసింది ఎక్స్ సర్వర్‌కి వెళ్తుంది, అక్కడి నుంచి విండోలన్నీ కలిపే కంపోజిటర్‌కి, మళ్లీ సర్వర్‌కి, అప్పుడు తెర మీదికి. వేలాండ్‌లో కంపోజిటరే సర్వర్. ప్రోగ్రామ్ తన విండో తనే గీసుకుని ఆ బొమ్మ ఉన్న మెమరీని (బఫర్) అప్పగిస్తుంది. పూర్తయిన ఫ్రేమే తెరకెక్కుతుంది, వీడియో మధ్యలో అడ్డంగా చిరగదు.

టెర్మినల్‌తాత: నా ఇంటెల్ మెషీన్లో సెట్టింగుల ఫైల్లో ‘టియర్‌ఫ్రీ’ అని ఒక్క లైను పెట్టాను. చిరగడం లేదు.

కిటికీరాణి: 60 హెర్ట్జ్ మానిటర్ పక్కన 144ది పెట్టి చూడండి.

టెర్మినల్‌తాత: నాకున్నదే ఒక మానిటర్.

పప్పుచారు: మీరిద్దరూ పోయిన నెల కూడా దీనికే కొట్టుకున్నారు.

కిటికీరాణి: సరే, చిరగడం వదిలేయండి. ఎక్స్11లో మీరు బ్యాంక్ పాస్‌వర్డ్ కొడుతుంటే ఇంకో ప్రోగ్రామ్ ఆ కీలన్నీ చదవగలదు. వేలాండ్ చదవనివ్వదు.

టెర్మినల్‌తాత: అక్కడే నా పొట్ట కొట్టారు! నాది డీటీపీ. పెళ్లి కార్డుల పాత ఫాంట్ల కోసం ఎక్స్‌మోడ్‌మ్యాప్‌తో కీలు మార్చుకున్నాను, కీలు, మౌస్ వాటంతటవే నొక్కేలా ఎక్స్‌డూటూల్‌తో స్క్రిప్టులు రాసుకున్నాను. వేలాండ్ విండోల మీద రెండూ చెల్లవు.

కిటికీరాణి: కీల కోసం ఎక్స్‌కేబీ అనే పద్ధతిలో కీబోర్డ్ లేఅవుట్ రాసుకోవచ్చుగా?

టెర్మినల్‌తాత: మార్చేది వాళ్లు, కూర్చుని మళ్లీ రాసుకోవాల్సింది నేనా? సీజన్లో ఆగిన ఆర్డర్లకి ఎవరిస్తారు డబ్బు?

కిటికీరాణి: వాళ్లంటే ఎవరండీ? 2008లో వేలాండ్ మొదలుపెట్టిన క్రిస్టియన్ హోగ్స్‌బర్గ్ అంతకుముందు ఎక్స్ మీద పనిచేసినవాడే. ఆ పాత కోడ్ చూసుకునే మనుషులు తక్కువ. మీరు కోడ్‌కి ఒక్క సవరణ, ఒక్క ప్యాచ్ అయినా పంపారా?

టెర్మినల్‌తాత: ప్యాచ్ పంపినవాడికే నోరుండాలా? అయితే వాడేవాళ్ల కోసమే చేస్తున్నామని చెప్పడం మానేయండి. మాకోసమే అయితే, తీసేసే ముందు మా పని ఎలా జరుగుతుందో చూసేవారు.

కిటికీరాణి: ప్రతి ఒక్కరి స్క్రిప్టూ చూసి తీయాలంటే ఏదీ ఎప్పటికీ తీయలేం.

పప్పుచారు: తాతగారూ, ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే ఇంకో డెస్క్‌టాప్ ఎక్స్11 మీద బాగానే నడుస్తోంది. దానికి మారిపోతే పోలా?

టెర్మినల్‌తాత: ఎప్పుడో మారాను. నేనడిగింది అది కాదు.