పెళ్లి పందిరి జ్ఞాపకాన్ని అరవై ఏళ్లు మోసేది ప్రియాన్ లాంటి ప్రొటీనేనా?

నీలిగోరింట:
ఇంటర్ పిల్లలకు జంతుశాస్త్రం చెబుతాను. మెదడులోని ప్రొటీన్లు చాలావరకు కొన్ని రోజుల్లోనో వారాల్లోనో విరిగిపోతాయని, వాటి స్థానంలో కొత్తవి వస్తాయని చెప్పగానే ఒక అమ్మాయి లేచింది. "మరి మా నానమ్మకు అరవై ఏళ్ల నాటి పెళ్లి పందిరి ఎలా గుర్తుంది మేడం?" అని అడిగింది. 1984లో శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ క్రిక్ లేవనెత్తిన ప్రశ్న కూడా ఇదే.

నేను పెరుగు తోడు గురించి చెప్పాను. పాలు ఏ రోజుకారోజు కొత్తవే. నిన్నటి పెరుగు ఒక చెంచా వేస్తే తోడుకుంటాయి. అలాగే సినాప్స్‌లో, అంటే రెండు నాడీకణాలు కలిసే చోట, ఒక ప్రొటీన్ ఆకారం మార్చుకుంటే, కొత్తగా వచ్చే తనలాంటి ప్రొటీన్లనూ ఆ ఆకారంలోకి తెస్తుంది. అణువులు పోతాయి, ఆకారం ఉండిపోతుంది, దానితోపాటు సినాప్స్ బలమూ. ఇలా తన ఆకారాన్ని తోటి ప్రొటీన్లకు అంటించేదాన్నే ప్రియాన్ అంటారు. ఎప్లీసియా అనే సముద్రపు నత్త నాడీకణాల్లోని సీపీఈబీ ప్రొటీన్‌కు ఈ గుణం ఉందని 2003లో కౌశిక్ సి, ఎరిక్ కాండెల్, సూసన్ లిండ్‌క్విస్ట్ ఈస్ట్ కణాల్లో చూపించారు. ఇది పాఠంగా చెప్పదగినంత గట్టి విషయమని నా నమ్మకం. కాదనేవారు కారణం చెప్పండి.

వేపచెట్టు:
నేను కాదంటాను మేడం. మీ పోలిక అందంగా ఉంది, నా భయమూ అదే. తోడు ఒక గిన్నెతో ఆగదు, ఏ పాలలో పడితే ఆ పాలను పెరుగు చేస్తుంది. ఒక్కో నాడీకణానికి వేల సినాప్స్‌లు ఉంటాయి. అన్నీ ఒకేలా బలపడితే ఏ జ్ఞాపకమూ విడిగా మిగలదు. పైగా ఈస్ట్‌లో జరిగినంత మాత్రాన మెదడులో జరిగినట్టు కాదు.

వీటికంటే బరువైన అభ్యంతరం ఇంకొకటి ఉంది. 2013లో తైవాన్ పరిశోధకులు అదే సీపీఈబీ కుటుంబానికి చెందిన సీపీఈబీ3 జన్యువే లేకుండా పుట్టిన ఎలుకలను పరీక్షించారు. వాటి జ్ఞాపకశక్తి తగ్గకపోగా మెరుగైంది. స్తంభం తీసేశాక ఇల్లు ఇంకా గట్టిగా నిలబడితే, దాన్ని స్తంభమని ఎలా అంటాం?

నీలిగోరింట:
ఆ ఎలుకల సంగతే ముందు చెబుతాను. పండ్ల ఈగల్లో ఈ కుటుంబపు ప్రొటీన్ పేరు ఆర్బ్2. అది విడివిడిగా ఉన్నప్పుడు కొత్త ప్రొటీన్ల తయారీని అడ్డుకుంటుందని, గుంపుగా అతుక్కుంటే అదే తయారీని నడిపిస్తుందని 2015లో తేలింది. అలాంటిదాన్ని పుట్టుక నుంచే తీసేస్తే బ్రేకూ పోతుంది, ఇంజనూ పోతుంది. ఫలితం ఎటు మొగ్గుతుందో ముందుగా చెప్పలేం. అందుకే తొలగించిన సమయం చూడాలి. అదే ఏడాది కాండెల్ బృందం ఎలుకలకు దారి నేర్పి, రెండు వారాలు ఆగి, అప్పుడు సీపీఈబీ3ను తొలగించింది. నేర్చుకున్న దారి చెరిగిపోయింది.

వేపచెట్టు:
ఇది నేను సరిగ్గా తూచలేదు, ఒప్పుకుంటున్నాను. అయితే దీనివల్ల ఆ ప్రొటీన్ అవసరమని తేలింది. దాని ఆకారం అవసరమని తేలిందా?

నీలిగోరింట:
ఈగల్లో తేలింది. ఆడ ఈగ తిరస్కరించిన మగ ఈగ ఆ అనుభవాన్ని రోజుల తరబడి గుర్తుంచుకుని వెంటపడటం తగ్గిస్తుంది. ఆర్బ్2లో ఒక రూపమైన ఆర్బ్2ఏలో ఒకే ఒక్క అమైనో ఆమ్లాన్ని మార్చి, అది అతుక్కునే గుణాన్ని తగ్గించారు. 2012 నాటి ప్రయోగం ఇది. ఆ ఈగలు పాఠం నేర్చుకున్నాయి, మొదటి రోజు గుర్తుంచుకున్నాయి. రెండు రోజులయ్యేసరికి మరిచిపోయాయి. నేర్చుకోవడం చెడలేదు, నిలుపుకోవడమే చెడింది. ఈ తేడా చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

తుంగభద్ర:
మధ్యలో అడుగుతున్నందుకు మన్నించండి. మా అమ్మకు అల్జీమర్స్. ఆమె మెదడులో అమిలాయిడ్ అనే ప్రొటీన్ పోగులు పేరుకున్నాయని డాక్టరు చెప్పారు. ప్రియాన్ అనగానే పిచ్చి ఆవు వ్యాధి గుర్తొస్తుంది. ఇప్పుడు మీరు అవే జ్ఞాపకాన్ని నిలబెడతాయంటున్నారు. ఏది నమ్మాలి?

వేపచెట్టు:
అమ్మా, రెండూ ఒకటి కావు. 2020లో కౌశిక్ సి సహచరులు సుమారు 30 లక్షల ఈగల తలల నుంచి ఆర్బ్2 పోగులను వేరుచేసి వాటి నిర్మాణం చూశారు. వ్యాధుల్లో కనిపించే అమిలాయిడ్ నడిమి భాగం సాధారణంగా నీటికి దూరంగా ఉండే అమైనో ఆమ్లాలతో బిగుసుకుని ఉంటుంది. ఆర్బ్2 నడిమి భాగం గ్లుటమిన్, హిస్టిడిన్‌లతో నీటికి చేరువగా ఉంది. పైగా ఇది అదుపు తప్పి పేరుకునేది కాదు, పని కోసం కణమే కట్టుకునేది. మీ అమ్మగారి జబ్బు దీనివల్ల వచ్చిందని ఎవరూ చెప్పలేదు.

మేడం, మనం అలవోకగా వాడిన మాట ఒక కూతురిని ఇలా భయపెడుతుంది. ప్రియాన్ అన్న పేరుపై నా పేచీ అందుకే. పైగా ప్రొటీన్ ఆకారం మార్చుకోకుండానే జ్ఞాపకం నిలిచే దారి కూడా ఉంది. పీకేఎం జీటా, కిబ్రా అనే రెండు ప్రొటీన్ల జత నెల రోజుల పాత జ్ఞాపకాన్ని ఎలుకల్లో నిలబెడుతోందని 2024లో చూపించారు. జతలో అణువులు మారిపోతున్నా జత మిగులుతోంది.

నీలిగోరింట:
తుంగభద్ర గారూ, మీ ప్రశ్న నా పాఠాన్ని మార్చింది. సోమవారం బోర్డు మీద ప్రియాన్ అని రాయను, "తనను తాను నిలుపుకునే ప్రొటీన్" అని రాస్తాను. ఈగల్లో బలమైన ఆధారం, ఎలుకల్లో వాదం నడుస్తోంది, మనుషుల్లో ఇంకా చూపలేదు అని మూడు గళ్లు గీస్తాను. కిబ్రా జతను పక్కనే పెడతాను. వేపచెట్టు గారూ, తోడు ఒకే గిన్నెలో ఎలా ఆగుతుందన్న మీ ప్రశ్నకు నా దగ్గర సగం జవాబే ఉంది. ఆర్బ్2ఏ చాలా కొద్దిగా తయారవుతుంది, త్వరగా విరిగిపోతుంది, దాన్ని నిలిపే టాబ్ అనే ప్రొటీన్ సాయం కావాలి. మిగతా సగం ఆ అమ్మాయినే ఆలోచించమంటాను.