నగరం ఎంత చెదిరిందో చెప్పేది జనసాంద్రతా, వీధుల కలయికా? బెంగళూరుపై చర్చ

సర్జాపుర రోడ్డు నివాసి:

బెంగళూరు అడ్డదిడ్డంగా పెరిగిపోతోందని అందరూ అంటారు గానీ, ఆ చెదురుదనాన్ని దేనితో కొలవాలన్న దగ్గర మాట కలవదు. సాధారణంగా చదరపు కిలోమీటరుకు ఎందరున్నారో లెక్క తీసి, జనం పలచగా ఉంటే నగరం చెదిరిందని, ఒత్తుగా ఉంటే కుదురుగా ఉందని తేల్చేస్తారు. మన తూర్పు, ఆగ్నేయ శివార్లకు ఈ లెక్క చాలదని, వీధులు ఒకదానితో ఒకటి ఎంత బాగా కలుస్తున్నాయో చూడాలని నా వాదన.

బారింగ్టన్-లీ, మిలార్డ్-బాల్ అనే ఇద్దరు పరిశోధకులు 2015లో అమెరికాకు, 2020లో ప్రపంచమంతటికీ ఈ పద్ధతిలోనే లెక్క కట్టారు. ప్రపంచ లెక్కకు, స్వచ్ఛందంగా జనమే గీసే ఉచిత పటమైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లోని వీధులను తీసుకుని, ప్రతి కూడలిలో ఎన్ని దారులు కలుస్తున్నాయి, ఎన్ని వీధులు ఎటూ పోకుండా ఆగిపోతున్నాయి, ఏ వీధి మూసేస్తే దాని వెనకున్న ఇళ్లకు మరో దారి ఉండదు, రెండు చోట్ల మధ్య తిన్నగా గీత గీస్తే వచ్చే దూరానికి దారి వెంట పోవలసిన దూరం ఎన్ని రెట్లు అని చూసి, అన్నిటినీ కలిపి ఒక సూచీ తయారుచేశారు. అత్యధిక జనాభా గల 134 దేశాల్లో 90 శాతం దేశాల్లో, 1975 తర్వాత వెలసిన కొత్త ప్రాంతాల వీధుల్లో ఈ కలయిక తగ్గుతూ వచ్చిందని తేలింది.

దీన్ని మన ఊరికి వర్తింపజేసి చూడండి. మల్లేశ్వరం, బసవనగుడి 1898 ప్లేగు రోజుల్లో ఊరి ఇరుకు నుంచి జనాన్ని బయటికి తెచ్చిన పేటలు. అక్కడ మెయిన్లు అనే వీధులు ఒక దిక్కుగా, వాటిని ఖండించే క్రాసులు మరో దిక్కుగా సాగుతాయి కనుక, ఒక క్రాసులో తవ్వకం జరుగుతుంటే పక్క క్రాసులోంచి పోతాం. సర్జాపుర, వర్తూరు వైపు మాత్రం పొలాలు ఒక్కో సర్వే నంబరుగా అమ్ముడుపోయాయి. కొన్న బిల్డరు తన కమతం లోపల మంచి రోడ్లే వేసుకుని, వాటన్నిటినీ ఒకే గేటు గుండా పాత బండిబాటలోకి వదిలాడు. పక్క కమతం కొన్నవాడూ అదే చేశాడు. ఇద్దరి స్థలాలనూ కలుపుతూ అడ్డంగా ఒక వీధి వేయవలసిన బాధ్యత ఎవరి మీదా పడలేదు. అందుకే అక్కడి వీధులు వలలా అల్లుకోకుండా చెట్టు కొమ్మల్లా చీలిపోయాయి. ఎక్కడికి పోవాలన్నా ముందు మాను దాకా దిగి, మళ్లీ ఇంకో కొమ్మ ఎక్కాలి.

మా అపార్ట్‌మెంటు ప్రహరీకి అవతలే కిరాణా కొట్టు ఉంది. బాల్కనీలో నిలబడితే ఆ కొట్టు ముందు వేలాడే అరటి గెలల్లో ఏది పండిందో కూడా కనిపిస్తుంది. అక్కడికి నడిచి పోవాలంటే మాత్రం గేటు దాటి, ఫుట్‌పాత్ లేని దారి వెంట నీళ్ల ట్యాంకర్లను తప్పించుకుంటూ మెయిన్ రోడ్డుకు చేరి, అక్కడి నుంచి పక్క సందులోకి తిరగాలి. ఒకప్పుడు గోడలో మనిషి పట్టేంత ఖాళీ ఉండేది, ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు అందులోంచే వచ్చేవారు. భద్రత పేరు చెప్పి దాన్ని ఇటుకలతో మూసి, పైన గాజుపెంకులు గుచ్చారు. టవర్లు నిండా జనమే కనుక మా చోట సాంద్రతకు లోటు లేదు. అయినా పాల ప్యాకెట్టు కోసం స్కూటర్ తీయవలసి వస్తోంది.

జయనగర వాసి:

మీరు చెప్పిన ఇబ్బంది నిజమే గానీ, దాన్ని నగర విస్తరణకు కొలమానం చేయడం నాకు సమ్మతం కాదు. విస్తరణ వల్ల వచ్చే అసలు నష్టం నేల. ఎంత సాగుభూమి పోయింది, ఎన్ని చెరువుల పరీవాహకం మీద ఇళ్లు లేచాయి, సుమారు 100 కిలోమీటర్ల అవతలి నుంచి ఎత్తిపోసే కావేరి నీటిని ఇంకా ఎంత దూరం గొట్టాల్లో తోయాలి అన్నవి సాంద్రత లెక్కలోనే తెలుస్తాయి. మాగడి రోడ్డుకు, మైసూరు రోడ్డుకు మధ్య బెంగళూరు అభివృద్ధి ప్రాధికార సంస్థ (బీడీఏ) వేసిన నాడప్రభు కెంపేగౌడ లేఅవుట్‌ను చూడండి. వీధులు చక్కగా ఒకదాన్నొకటి ఖండించుకుంటాయి, కానీ సైట్లు ఇచ్చి ఏళ్లు గడిచినా ఇళ్లు అక్కడొకటి ఇక్కడొకటిగానే ఉన్నాయి. మీ సూచీ దానికి మంచి మార్కులే వేస్తుంది. పైగా బెళ్లందూరు చెరువు, హెచ్ఏఎల్ రన్‌వే, సైన్యం భూములు అడ్డువచ్చిన చోట దారి చుట్టు తిరగక తప్పదు. దాన్ని ప్రణాళికా లోపంగా లెక్కించడం న్యాయమేనా?

మ్యాపింగ్ కార్యకర్త, ఇందిరానగర్:

కొలత ఎలా జరుగుతుందన్న దాని మీద ఒక్క మాట. మ్యాప్‌లో గీత ఉన్నంత మాత్రాన దారి ఉన్నట్టు కాదు. గేటెడ్ లేఅవుట్ల లోపలి రోడ్లను ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో గీసినవారు చాలాచోట్ల గేటును గుర్తించరు, ప్రైవేటు దారి అని కూడా రాయరు. కాబట్టి సూచీలో కలిసి కనిపించే రెండు వీధుల మధ్య నిజంగా వాచ్‌మన్ కర్ర అడ్డం ఉండవచ్చు. వైట్‌ఫీల్డ్ లాంటి చోట పరిస్థితి లెక్కలో కనిపించేదాని కన్నా అధ్వానంగానే ఉంటుందని నా అనుభవం.

హెచ్ఎస్ఆర్ లేఅవుట్ నుంచి:

కలిసిన వీధుల మధ్య బతికేవాళ్ల మాట కూడా వినండి. ఔటర్ రింగ్ రోడ్డు ఆగిపోయిన సాయంత్రం ఫోన్లలోని మ్యాపు చెప్పిందని వందలాది కార్లు మా క్రాసుల్లోకి దూరుతాయి. పిల్లలను ఇంటి ముందు ఆడుకోనివ్వలేం. గేటు పెట్టుకున్నవారిని నేను తప్పుపట్టలేను.

సర్జాపుర రోడ్డు నివాసి:

జయనగర వాసిగారూ, సాంద్రతను పక్కన పారేయమని నేననలేదు. నేల ఎంత పోయిందో అది చెబుతుంది, ఆ నేల మీద మనుషులు ఎలా తిరగగలరో చెప్పలేదు. రెండు ప్రశ్నలకూ ఒకే అంకె సరిపోదు. అయితే వాటిలో ఒకదాన్ని తర్వాత సరిదిద్దుకోవచ్చు, రెండోదాన్ని సరిదిద్దడం దాదాపు అసాధ్యం. కెంపేగౌడ లేఅవుట్‌లో ఈరోజు ఇళ్లు లేకపోయినా రేపు లేస్తాయి, లేచినప్పుడు వీధులు సిద్ధంగా ఉంటాయి. మా వైపు గోడల మధ్య కొత్తగా వీధి వేయాలంటే ఎవరి పార్కింగో, ఎవరి క్లబ్‌హౌసో కూల్చాలి. వీధి గీతకున్న ఆయుష్షు కట్టడానికి లేదు. 1537లో కెంపేగౌడ వేయించిన దొడ్డపేట, చిక్కపేట ఈనాటికీ అదే చోట ఒకదాన్నొకటి దాటుతున్నాయి, వాటి పక్కనున్న అంగళ్లు మాత్రం ఎన్నిసార్లు మారాయో చెప్పలేం.

చెరువులు, సైన్యం భూముల విషయంలో మీతో ఏకీభవిస్తాను. వాటిని లెక్క నుంచి తీసేసి మిగిలిన చోటును కొలవవచ్చు. కానీ అవి ఉన్నందువల్లే మిగిలిన చోట వీధులు మరింత బాగా కలవాలి. 2025 సెప్టెంబరులో ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. ఔటర్ రింగ్ రోడ్డు రద్దీ తగ్గించడానికి సర్జాపుర రోడ్డులోని విప్రో ఆవరణలోంచి వాహనాలను పరిమితంగా పోనివ్వాలని ముఖ్యమంత్రి సిద్ధరామయ్య అజీమ్ ప్రేమ్‌జీకి లేఖ రాశారు. అది ప్రైవేటు స్థలమని, ప్రత్యేక ఆర్థిక మండలి నిబంధనలు ఒప్పుకోవని ప్రేమ్‌జీ కాదన్నారు. ఎవరిది న్యాయమన్నది వేరే చర్చ. ఇంత పెద్ద ప్రాంతానికి ప్రత్యామ్నాయ దారి కోసం ఒక సంస్థ ప్రాంగణం వైపు చూడవలసి వచ్చిందంటే, సాంద్రత పట్టికలో కనిపించని లోటు అది.

హెచ్ఎస్ఆర్ మిత్రులారా, మీ క్రాసుల్లోకి కార్లు ఎందుకు దూరుతున్నాయి? చుట్టుపక్కల కలిసిన వీధులు మీవొక్కటే కావడం వల్ల. కలయిక అందరికీ ఉంటే ఆ భారం పలచబడుతుంది. అదీగాక మనుషులకు, సైకిళ్లకు దారి వదిలి కార్లను ఆపడానికి రోడ్డుకు అడ్డంగా నాలుగు రాతి స్తంభాలు పాతితే చాలు. గోడ కడితే అందరినీ ఆపుతుంది, అందులోనూ కారు లేనివారినే ఎక్కువగా ఆపుతుంది.

హొరమావు వాసి:

మాది రెవెన్యూ లేఅవుట్, అంటే సాగుభూమిని సరైన అనుమతి లేకుండానే సైట్లుగా కోసి అమ్మిన చోటు. ఇక్కడ ప్రతి సందూ ఇంకో సందులో కలుస్తుంది. మీ సూచీ ప్రకారం మేము మల్లేశ్వరానికి తీసిపోము. అయినా అంబులెన్సు తిరగదు, రెండు బళ్లు ఎదురైతే ఒకటి వెనక్కి పోవాలి, వానొస్తే రాజకాలువ అనే పెద్ద వాననీటి కాలువ నీళ్లు వీధిలోనే పారతాయి. కలయిక ఒక్కటే ఉండి మేమేం చేసుకోవాలి?

సర్జాపుర రోడ్డు నివాసి:

వెడల్పును, మురుగు పారుదలను ఈ సూచీ కొలవదు, ఆ మాట ఒప్పుకోవలసిందే. మీ వీధులకు వెడల్పు, కాలువ కావాలి. మా వీధులకు అసలు ఒకదానితో ఒకటికి సంబంధం కావాలి. రెంటికీ మూలం మాత్రం ఒక్కటే. కమతాలు విడివిడిగా అమ్ముడుపోక ముందే ఎవరూ వీధుల పటం గీయలేదు. గుజరాత్‌లో 1976 నాటి చట్టం కింద టౌన్ ప్లానింగ్ స్కీములు నడుస్తున్నాయి. రైతుల కమతాలన్నిటినీ ఒకచోట చేర్చి, ప్రతి ఒక్కరి నుంచి కొంత భాగం రోడ్లకు, పార్కులకు తీసుకుని, మిగిలింది తిన్నని ప్లాట్లుగా వారికే తిరిగి ఇస్తారు. అహ్మదాబాద్ 76 కిలోమీటర్ల రింగ్ రోడ్డుకు భూమి చాలావరకు అలాగే సమకూరింది. భూ సమీకరణలోని కష్టనష్టాలు అమరావతి చూసిన మనవాళ్లకు చెప్పనక్కర్లేదు కాబట్టి, అది సులువైన మార్గమని నేననను.

అంత దూరం పోకుండానే చేయగలిగింది ఒకటుంది. లేఅవుట్‌కు అనుమతి అడిగినప్పుడు దాని రోడ్లు ఎన్ని వైపుల హద్దును తాకుతున్నాయి, పక్క స్థలం రేపు అభివృద్ధి అయితే ఆ రోడ్డు అందులోకి సాగుతుందా, అక్కడి నుంచి బస్టాపుకు నడక దూరం తిన్నటి దూరానికి ఎన్ని రెట్లు అన్న అంకెలను దరఖాస్తులోనే రాయించి, అందరూ చూసేలా పెట్టాలి. వీధులను, పార్కులను స్థానిక సంస్థకు అప్పగించాలన్న షరతు లేఅవుట్ అనుమతుల్లో ఇప్పటికే ఉంది. అలా అప్పగించిన రోడ్డు మీద గేటు ఎలా లేచిందో వార్డు కార్యాలయంలో అడగడం మనం ఈ వారమే మొదలుపెట్టవచ్చు.