జరిగింది వెంటనే చెప్పించాలా, వద్దా?

నల్లగొండ విద్యార్థి:
సైకాలజీ చదువుతున్నాను. ఘోరం చూసి మనసుకు పెద్ద దెబ్బ తగిలినవాళ్లను రోజుల్లోనే కూర్చోబెట్టి, జరిగిందంతా చెప్పించే పద్ధతిని 1983లో అమెరికా సైకాలజిస్ట్ జెఫ్రీ మిచెల్ ముందుకు తెచ్చాడు. అది ఫైర్, అంబులెన్స్ సిబ్బంది కోసం పుట్టింది. తర్వాత బాధితులకూ వాడారు.

మా చిన్నాయనకు నార్కట్‌పల్లి దగ్గర హైవే మీద యాక్సిడెంట్ అయింది. బండి మీద వెనక కూర్చున్న దోస్తు అక్కడికక్కడే పోయాడు. పరామర్శకు వచ్చినోళ్లంతా "ఎట్లయింది?" అని అడుగుడే. ఆయన ప్రతిసారీ మొదటి నుంచి చెప్పేవాడు. మూడో రోజుకు మాటే బంద్ చేశాడు. నాలుగు నెలలైనా లారీ హారన్ వినపడితే చాయ్ గ్లాసు నోటి దాకా వచ్చి ఆగిపోతుంది. అట్లా చెప్పించడం తప్పనే నేనంటాను.

పాలమూరు అక్క:
నేను ఒప్పుకోను తమ్ముడూ. బొంబాయికి పనికి పోయిన కొడుకు శవమై వస్తే, మా అత్త దినాలయ్యేదాకా రాగం తీసి ఏడ్చింది. వాడి చిన్నప్పటి ముచ్చట్లన్నీ ఆ ఏడుపులోనే చెప్పింది. ఆమె తేరుకుంది. నోరు మెదపని మామ ఇప్పటికీ తేరుకోలేదు.

నల్లగొండ విద్యార్థి:
అక్కా, మీ అత్తను ఎవరూ ప్రశ్నలడగలేదు కదా. తనకు వచ్చినప్పుడు, వచ్చినంత ఏడ్చింది. ఆక్స్‌ఫర్డ్‌లో రోడ్డు ప్రమాద బాధితుల్లో కొందరికి ఇట్లాంటి సిట్టింగ్ ఒకటి పెట్టి, మూడేళ్ల తర్వాత చూశారు. 2000లో ఫలితం వచ్చింది. మొదట్లో బాగా కలత పడ్డవాళ్లలో, సిట్టింగ్ అయినవాళ్ల పరిస్థితే అధ్వానంగా ఉంది.

మిర్యాలగూడ కౌన్సెలర్:
ఆ ఫలితం నిజమే. కానీ దాన్ని పట్టుకొని "ఎప్పుడూ కదపొద్దు" అనకండి. సైకాలజిస్ట్ ఎడ్నా ఫోవా తయారుచేసిన చికిత్సలో జరిగింది మళ్లీ మళ్లీ చెప్పిస్తారు, అది పనిచేస్తుంది కూడా. కాకపోతే వారాల తరబడి, శిక్షణ పొందిన థెరపిస్ట్ దగ్గర, పేషెంట్ ఒప్పుకున్నాకే. సైకియాట్రిస్ట్ జుడిత్ హెర్మన్ చెప్పిన వరుస కూడా అదే: ముందు భద్రంగా ఉన్నానన్న ధీమా, తర్వాత తలచుకొని దుఃఖించడం, ఆపైన మళ్లీ నలుగురిలో కలవడం. మొదటి నెలలో పీటీఎస్‌డీ (ఘోరం జరిగాక మనసును వదలకుండా వేధించే జబ్బు) అని పేరే పెట్టరు, చాలామంది వాళ్లంతట వాళ్లే కుదుటపడతారు. మీ చిన్నాయనకు నాలుగు నెలలు దాటాయి. ఇంక ఆగకండి, డాక్టరుకు చూపించండి. మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేసినా తెలుగులో మాట్లాడతారు.

పాలమూరు అక్క:
సరే. కానీ పరామర్శ మానమంటే మాత్రం ఊరుకోను. ఎవరూ గడప తొక్కని ఇల్లు ఎట్లుంటదో నేను చూశాను.

నల్లగొండ విద్యార్థి:
మానమనట్లేదు అక్కా. రండి, అన్నం తెండి, పక్కన కూర్చోండి. ఆ ఒక్క ప్రశ్న మాత్రం అడగకండి.

సార్, రేపే ఫోన్ చేస్తాను. ఒక మాట చెప్పాలి. మొన్న ఆటోలో పోతుంటే చిన్నాయన తనే ఆపమన్నాడు. దిగి, రోడ్డు పక్కన మట్టిలో ఇంకా మెరుస్తున్న అద్దం పెంకులను కాలితో పక్కకు నెట్టాడు. "వాడు ఇటు పడ్డడు" అన్నాడు. నేనేమీ అడగలేదు. చాలాసేపు అక్కడే నిలబడ్డాం.